కడిగి తెచ్చిన పెంటికలు

నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే చాలా ఏళ్లు "ల్యాబ్‌లో చేస్తా" అని ఊరుకున్నాను. అడిగినవాళ్లు మనుషుల రక్త పరీక్షలనుకునేవాళ్లు. పోతిరెడ్డిపల్లిలో మేం కిరాయికి ఉండే ఇంటి ఓనరమ్మ తన షుగర్ రిపోర్టు తెచ్చి చూపించేది. నేను కళ్లద్దాలు సర్దుకుని చూసి, అన్నం తగ్గించమని చెప్పేదాన్ని కూడా. నిజానికి నేను పనిచేసేది సంగారెడ్డిలో పశువుల రోగాలు పరీక్షించే ఒక చిన్న ల్యాబ్‌లో. రైతులు గొర్రెల పెంటికలు, బర్రెల పేడ తెస్తారు. వాటిలో నట్టల గుడ్లు ఎన్ని ఉన్నాయో మైక్రోస్కోపులో లెక్కపెట్టి కాగితం మీద రాసిస్తాను. నట్టలంటే పశువుల కడుపులో చేరే పురుగులు. అవి ఎక్కువైతే మందు తాగించాలి, తక్కువుంటే అక్కర్లేదు. నేను రాసే అంకెను బట్టే ఆ నిర్ణయం.

ఇది సిగ్గుపడే పని కాదని ఇప్పుడు తెలుసు. అప్పట్లో సిగ్గుపడ్డాను. ఆ సిగ్గు వల్ల ఒక ముసలామె మంద పోయింది. ఆ సంగతి నేను రెండేళ్ల పాటు ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

మాది జోగిపేట దగ్గర ఊరు. మా అమ్మ పటేళ్ల కొట్టంలో పెండ తీసేది. పొద్దున్నే తట్టలు మోసి, మిగిలింది మా గోడకు పిడకలు కొట్టేది. ఐదో తరగతిలో నా పక్కన కూర్చునే పిల్ల ఒకరోజు ముక్కు మూసుకుని బెంచీ చివరికి జరిగింది. ఆ పిల్ల ముఖం ఇప్పుడు గుర్తులేదు గానీ, జరిగిన ఆ జానెడు జాగా మాత్రం గుర్తుంది. చదువుకోవాలని ఆ రోజే అనుకున్నాను. చదివాను, కోర్సు చేశాను, పరీక్ష రాశాను, ఉద్యోగం వచ్చింది. ఏం ఉద్యోగమని మా అమ్మ అడిగితే చెప్పాను. ఆమె నవ్వి నవ్వి కొంగు కళ్లకద్దుకుంది. "తిరిగి తిరిగి పెండ కాడికే వచ్చినవా బిడ్డా," అంది. నాకు నవ్వు రాలేదు.

అందుకే కాబోలు, ల్యాబ్‌లో నేను శుభ్రానికి పెట్టింది పేరు. టేబుల్ మీద ఆయిల్ క్లాత్ పరిచి, పొద్దున ఒకసారి మధ్యాహ్నం ఒకసారి ఫినాయిల్‌తో తుడిచేదాన్ని. రిజిస్టర్‌కు అట్టవేసి, గీతలు ఎర్ర ఇంకుతో కొట్టి, అంకెలు నీలం ఇంకుతో రాసేదాన్ని. మా డాక్టర్ సారు నెమ్మదస్తుడు, వారంలో సగం రోజులు ఊళ్లలో క్యాంపులకు పోయేవాడు. ఆయన లేనప్పుడు ఆ గది నా రాజ్యం. రైతులు చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చేవాళ్లు. అది నేను పెట్టిన రూలే.

లెక్కపెట్టే పద్ధతి పెద్ద బ్రహ్మవిద్య కాదు. కిరాణా కొట్టు ఉప్పునే ఇంక కరగదనేదాకా నీళ్లలో కలుపుతాం. తూచిన పేడను ఆ ఉప్పునీళ్లలో పిసికి, టీ జాలీతో వడగడతాం. నట్టల గుడ్లు తేలికగా ఉంటాయి కాబట్టి పైకి తేలతాయి. ఆ నీళ్లను గళ్లు గీసిన గాజు పలకలోకి ఎక్కించి, ఐదు నిమిషాలు ఆగి చూడాలి. పలకలో రెండు గదులుంటాయి. రెండింట్లో కలిపి కనబడ్డ గుడ్లను యాభైతో గుణిస్తే, ఒక గ్రాము పేడలో ఉన్న గుడ్ల లెక్క వస్తుంది. అంటే నా కంటికి ఒక్క గుడ్డు తప్పిపోతే కాగితం మీద యాభై తగ్గుతాయి. ఈ పనిలో నా కన్ను తప్పదని నాకు గట్టి నమ్మకం. కన్ను తప్పలేదు కూడా. తప్పింది వేరే.

మా నాయన మార్కెట్లో వడ్లు కొలిచేవాడు. మొదటి కుంచాన్ని ఒకటి అనేవాడు కాదు, లాభం అనేవాడు. లాభం, రెండు, మూడు అని సాగేది లెక్క. చిన్నప్పటి నుంచి విని విని నాకూ అదే అలవాటైంది. మైక్రోస్కోపులో మొదటి గుడ్డు కనబడగానే నోట్లో "లాభం" అనుకుంటాను. గొర్రె కడుపులో పురుగు ఎవరికి లాభమని సారు ఒకసారి ఎగతాళి చేశాడు. అయినా మానలేదు.

ఆ ఏడు తొలకరి పడ్డ రెండో వారంలో పై ఆఫీసు నుంచి తనిఖీకి వస్తున్నారని ఫోన్ వచ్చింది. సారు క్యాంపులో ఉన్నాడు. నేను ముందు రోజు సాయంత్రం దాకా కూర్చుని రిజిస్టర్ కొత్త పేజీ దిద్దాను. ఆ పొద్దున ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చి, పేజీ తెరిచి టేబుల్ మధ్యలో పెట్టుకుని కూర్చున్నాను.

పది గంటలకు ఒక ముసలామె వచ్చింది. పొట్టిగా, ఎండిపోయినట్టు ఉంది, కానీ నడక గట్టిది. ముత్తంగి అవతల ఊరట. అక్కడ బీళ్లన్నీ ప్లాట్లయిపోయాక, హద్దురాళ్ల మధ్య మొలిచిన గడ్డిలోనూ రింగురోడ్డు పక్కనా గొర్రెలు మేపుతుందట. షేర్ ఆటో ఎక్కి, బస్సు మారి, వెతుక్కుంటూ వచ్చింది. చేతిలో నీలం రంగు రబ్బరు గ్లౌజు ఉంది. పటాన్‌చెరు కంపెనీలలో కార్మికులకు ఇచ్చే రకం. మణికట్టు దగ్గర దారంతో బిగించి కట్టింది. లోపల ఆకుపచ్చగా ఏదో కదులుతోంది.

"నా గొర్లు పారుతున్నయ్ మేడం," అంది, విరేచనాలు పట్టుకున్నాయని. "ఇరవై ఆరున్నయ్ మొత్తం. మీ సారు మా ఊర్ల క్యాంపుకు వచ్చినప్పుడు ఎట్ల తెమ్మన్నడో గట్లనే తెచ్చిన. బాగ పారేదాని ఎనుక నిలవడి పట్టిన. జెర జల్దీ సూడు తల్లీ. నా కొడుకు కంపెనీల చేస్తడు. ఈసారి గొర్లకు ఏమన్న అయితే ఇగ మంద ఉంచ, అమ్మేస్త అన్నడు. గొర్లు పోతే నేనేం జేయాలె?"

ఆమె ఆ మాట అంటూ గ్లౌజును టేబుల్ మీద పెట్టింది. చిటికెన వేలు చివర బెజ్జం ఉంది. నేను చూసేలోపే ఆకుపచ్చ నీళ్లు కారి, ఆయిల్ క్లాత్ మీదుగా పోయి, నేను దిద్దుకున్న పేజీ మీదికి ఎక్కాయి. వాసన గుప్పుమంది. నాకు మా గోడ మీది పిడకలు, బెంచీ చివరికి జరిగిన పిల్ల, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. ఇది నేను సాకుగా చెప్పడం లేదు. గుర్తొచ్చాయి, అంతే.

"ఏమమ్మా, కండ్లు కనవడ్తలేవా?" అన్నాను. "గిట్ల కారే గలీజు తెచ్చి టేబుల్ మీద పెడతరా ఎవరన్న? మనుషులు పనిచేసే జాగ ఇది. తెస్తే మంచిగ, గట్టిగ ఉన్నవి తేవాలె. ఇది నేను సూడ. తీస్కపో."

ఆమె కొంగు తీసి గబగబా పేజీ తుడవబోయింది. తుడిచిన కొద్దీ అది ఇంకా పాకింది. నీలం అంకెలు, ఎర్ర గీతలు, ఆ పచ్చదనం అన్నీ కలిసిపోయాయి. నేను ఆమె చేయి తోసేశాను. కొట్టలేదు, తోశాను. ఆమె వెనక్కి తగ్గి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. గ్లౌజును రెండు వేళ్లతో పట్టుకుని చెత్తబుట్టలో వేసి, చేతులు రెండుసార్లు కడుక్కున్నాను. తనిఖీ వాళ్లు ఆ రోజు రానే లేదు. వాయిదా పడిందని మధ్యాహ్నం ఫోన్ వచ్చింది.

ఆమె చేసింది తప్పేమీ కాదు. ఆ మాట నాకు ఆ క్షణంలోనే తెలుసు. జబ్బు పడ్డ దాని నుంచి, ఆ రోజుదే, గ్లౌజులో పట్టుకుని రమ్మని సారు ప్రతి క్యాంపులోనూ చెబుతాడు. నూటికి ఒకరు కూడా అట్లా తెచ్చేవాళ్లు కాదు. బిర్యానీ డబ్బాల్లో, పాల కవర్లలో, దొడ్డిలో నాలుగు రోజులు ఎండినవి ఊడ్చి తెచ్చేవాళ్లు. చెప్పింది చెప్పినట్టు చేసిన ఒకే ఒక మనిషిని నేను వెళ్లగొట్టాను.

మూడో రోజు మళ్లీ వచ్చింది. గుమ్మం బయటే నిలబడి, పిలిచేదాకా లోపలికి రాలేదు. ఈసారి చేతిలో మోదుగాకు పొట్లం ఉంది. దాన్ని టేబుల్ మీద పెట్టకుండా రెండు చేతులతో ముందుకు చాపింది. విప్పి చూస్తే, శనగలంతేసి పెంటికలు, గుండ్రంగా, నల్లగా, ఒకదానికొకటి అంటుకోకుండా ఉన్నాయి. ఒక్క గడ్డిపోచ లేదు, మట్టి లేదు, వాసన కూడా లేదు.

"గివి మంచిగున్నయా మేడం?" అని అడిగింది.

నాకు సంతోషమైంది. నేను మాట అంటే ఎంత పని చేసిందో చూడు అనిపించింది. ఆమె వెనక ఒకాయన బర్రె పేడను చిరిగిన కవర్లో పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయనకు ఆ పొట్లం చూపించి, "సూడు, తెస్తే గిట్ల తేవాలె," అన్నాను. ముసలామె ముఖం వెలిగిపోయింది. తలకాయ వంచుకుని కొంగు సర్దుకుంది. ఆమె సంతోషపడ్డ ఆ ముఖం ఉందే, అదే నన్ను ఇప్పటికీ ఊరుకోనివ్వదు.

ఏ గొర్రెదని అడగాలి. ఫారంలో ఆ గడి ఉంది. పారుతున్నదా, గట్టిగా వేస్తున్నదా అని ఇంకో గడి ఉంది. మందలో నట్టలు అన్ని గొర్రెలకూ సమానంగా ఉండవనీ, నాలుగైదు గొర్రెలే మందలోని సగానికి పైగా పురుగులను మోస్తాయనీ కోర్సులో మొదటి నెలలోనే చెప్పారు. పారుతున్నాయని ఏడ్చిన మనిషి ఇంత గట్టి పెంటికలు ఎక్కడి నుంచి తెచ్చిందని ఒక్కసారి ఆలోచిస్తే చాలు. ఆలోచించలేదు. టేబుల్ శుభ్రంగా ఉంది, నాకదే చాలింది. మొదటి గడిలో "మంద" అని రాసి, రెండోది ఖాళీగా వదిలేశాను.

ఎడమ గదిలో ఒక్క గుడ్డూ లేదు. కుడి గదిలో చివరి గీత దగ్గర ఒకటి కనబడింది. లాభం, అనుకున్నాను. రెండోది రాలేదు. యాభై అని రాశాను. పక్కన "మందు అవసరం లేదు" అని రాశాను.

"మరి పారుడు?" అంది ఆమె.

"వానకు లేసిన లేత గడ్డి కద అవ్వా. కొత్త గడ్డి తింటే పారుతయ్. తగ్గుతది తియ్."

నేను డాక్టర్ను కాను. ఆ మాట చెప్పే హక్కు నాకు లేదు. ఓనరమ్మకు అన్నం తగ్గించమన్నట్టే చెప్పాను. ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, నడుముకు చెక్కుకున్న సంచిలో దాచుకుంది. పోతూ పోతూ నాకు దండం పెట్టింది.

ఇరవై రోజులు కాకముందే ఒక మధ్యాహ్నం ఆటో వచ్చి ఆగింది. అందులో చచ్చిన గొర్రె, దాని పక్కన ముసలామె. వెనక బైకు మీద ఆమె కొడుకు, కంపెనీ యూనిఫారం మీదే ఉన్నాడు. రాత్రి డ్యూటీ చేసి నిద్రపోకుండా వచ్చినట్టు కళ్లు ఎర్రగా ఉన్నాయి. అప్పటికి తొమ్మిది చచ్చాయట. సారు ఆ రోజు ఉన్నాడు. గొర్రెను వెనక పెరట్లో కోసి చూశాడు. దవడ కింద నీరు దిగి ఉంది. పొట్ట నిండా సన్నటి ఎర్ర నట్టలు, కత్తి మీదికి కూడా ఎగబాకుతున్నాయి. సారు చేతులు కడుక్కుని లోపలికి వచ్చి రిజిస్టర్ తిప్పాడు.

"మూడు వారాల కింద యాభైయే ఉందిగా? ఇదెట్లా?" అని నా వైపు చూశాడు.

నేను నోరు తెరిచేలోపు ముసలామె మాట్లాడింది.

"నాదే తప్పు సారూ. నేనే మంచివి ఏరి తెచ్చిన. మా మందల గట్టిది ఒక పొట్టేలు, మంచిగ మేసే గొర్లు రెండున్నయ్. తెల్లారంగనే వాటి ఎనుక ఆకు వట్టుకొని కూసున్న. అవి ఏసినంక ఏరి, తొట్టిల కడిగి, మంచం మీద ఆరవెట్టి తెచ్చిన. మేడం పెద్ద సదువు సదివిన మనిషి, ఆమె ముందట గలీజు పెట్టొద్దని. నాకు తెలివి లేకపాయె."

ఆమె అంతవరకే చెప్పింది. మొదటిసారి గ్లౌజు తెచ్చిన సంగతి చెప్పలేదు. మంచివి తెమ్మన్నది నేనేనని చెప్పలేదు. ఒక్కసారి నా వైపు చూసింది. అడుగుతున్న చూపో, కాపాడుతున్న చూపో నాకు తెలియలేదు. నేను వెంటనే మైక్రోస్కోపు మీదికి వంగాను. లోపల పలక లేదు. తెల్లటి గుండ్రటి వెలుతురు తప్ప ఏమీ లేదు. దానిలోకి చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

"సూసిండ్రా సార్?" అన్నాడు కొడుకు. అతను అరవలేదు. అలిసిపోయి ఉన్నాడు. "పారే గొర్రెను ఇడిసిపెట్టి దుక్కలాంటి దాని పెంటికలు కడిగి తెచ్చిందట. ఇగ ఈమెకు గొర్లు కాసే తెలివి పోయింది. రోడ్డు మీద లారీల నడుమ తిరుగుతది, నేను డ్యూటీల ఉంటె పరేషాన్ అయితున్న. ఇన్నేండ్లు ఊకున్న. ఇగ సాలు."

సారు అతనికి సర్దిచెప్పాడు. కొత్త శాంపిల్ తెప్పించుకుని నన్ను చూడమన్నాడు. ఈసారి గ్లౌజులోనే వచ్చింది, ఆటోలో తెచ్చిన ఆ చచ్చిన గొర్రె నుంచి తీసిందే. పలక పెట్టగానే గది నిండా గుడ్లు. లాభం అని నోటిదాకా వచ్చింది, ఆగిపోయింది. ఒకటి, రెండు, మూడు అని మొదలుపెట్టాను. ఎడమ గదిలోనే వంద దాటింది. మధ్యలో లెక్క తప్పి మళ్లీ మొదటికి వచ్చాను. అట్లా లెక్క తప్పడం ఈ ఉద్యోగంలో నాకదే మొదటిసారి. రెండు గదులు కలిపి గుణిస్తే పదివేలు దాటింది.

సారు మందు సీసాలిచ్చాడు. "ఉన్న పదిహేడుకూ ఈ రోజే తాపండి. చాలావరకు నిలబడతయ్. అమ్మకండి," అని కొడుకుతో అన్నాడు. కొడుకు తల ఊపాడు గానీ, అది ఒప్పుకున్న తల ఊపడం కాదు. నేను అప్పుడు ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. మీ అమ్మ మొదట సరైనదే తెచ్చింది, నేనే తిట్టి పంపాను, తెలివి పోయింది ఆమెకు కాదు, నాకు. ఇంతే మాట. సారు ముందు చెప్పాలి. రైతుల ముందు చెప్పాలి. నేను చేతులు కడుక్కోవడానికి సింకు దగ్గరికి వెళ్లాను. కుళాయి కట్టేసి తిరిగేసరికి ఆమె ఆటో ఎక్కింది, కొడుకు బైకు తీశాడు.

వారం లోపు మందు తాగినవి తేరుకున్నాయని, అయినా కొడుకు మొత్తం అమ్మేశాడని సారే చెప్పాడు. "పాపం, ముసలామె ఒక్క పొరపాటు," అన్నాడు. నేను అవునన్నాను.

ఆ తర్వాత ఒక వింత మొదలైంది. ఆ ఊరి నుంచి వచ్చే శాంపిళ్లన్నీ మంచిగా రావడం మొదలుపెట్టాయి. మంచిగా అంటే చెడ్డగా. పారేవే తెచ్చేవాళ్లు, గ్లౌజుల్లో తెచ్చేవాళ్లు, ఏ గొర్రెదో అడక్కముందే చెప్పేవాళ్లు. ఎవరు చెప్పారని అడిగితే, "మా ఊర్ల ఒక అవ్వ ఉంది లే మేడం," అని నవ్వేవాళ్లు. ఒకాయనైతే కథంతా చెప్పాడు. "పెంటికలు కడిగి, మంచం మీద ఆరవెట్టి తెచ్చిందట మేడం. ముత్యాలనుకున్నదో ఏమో. మేడం మంచిగనే సూసింది, నేనే మంద సంపుకున్న అని అందరికి తానే చెప్తది. గందుకే పారేదే తీస్కపోండ్రి అంటది." అక్కడున్న నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను. గట్టిగా కాదు, పెదవులతో. ఆ నవ్వు ఆరోజు సాయంత్రం బస్సులో కూడా నా ముఖం మీద అట్లాగే ఉన్నట్టనిపించి, కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

మామూలుగా నేను తప్పు చేస్తే నా మీద నాకే కోపం వచ్చి, ఆ కోపం ఇంట్లో గిన్నెల మీద చూపించి, రెండు రోజుల్లో మామూలయ్యేదాన్ని. ఇది అట్లా పోలేదు. రిజిస్టర్లో ఆ పేజీ వచ్చినప్పుడల్లా వేళ్లు ఆగేవి. మరక ఎండి గోధుమ రంగుకు మారింది. ఆ మంద నుంచి నాకు వచ్చిన అసలైన శాంపిల్ అదొక్కటే, అది కాగితంలోకి ఇంకిపోయింది, లెక్కకు రాలేదు.

పోయిన చలికాలంలో ఒక రెండో శనివారం ముత్తంగి వెళ్లాను. ముసలామె అక్కడ ఒక గోదాములో ఊడ్చే పనికి కుదిరిందని ఆ ఊరివాళ్లు చెప్పారు. దారిలో డజను అరటిపండ్లు కొన్నాను. తప్పు ఒప్పుకోవడానికి పండ్లు పట్టుకుపోవడం ఏం మర్యాద అనిపించి, ఆటో దిగేటప్పుడు వాటిని సీటు మీదే వదిలేశాను.

గోదాము ముందు లారీలు వరసగా ఆగి ఉన్నాయి. బీహార్ కుర్రాళ్లు అట్టపెట్టెలు దించుతున్నారు. ఆమె పొడుగు చీపురుతో థర్మాకోల్ ముక్కలు ఊడుస్తోంది. ముందుకు ఊడ్చిన కొద్దీ గాలికి అవి పక్కలకు పోతున్నాయి. ఆమె వాటిని అదిలిస్తూ, నోటితో చిన్నగా "హుర్ర్" అంటోంది. తనకు తెలియకుండానే అంటోందనుకుంటా. నేను దగ్గరికి నడిచాను.

నన్ను గుర్తుపట్టింది. "మేడం, నువ్వేంది ఈడ?" అని చీపురు గోడకు ఆనించి, మెట్టు మీద దుమ్ము దులిపి కూర్చోమంది. నేను కూర్చోలేదు.

"అవ్వా, నువ్వు ఫస్టు వచ్చిన దినం యాదికున్నదా?" అన్నాను.

"యాదికి లేకేం? నీ బుక్కు ఖరాబ్ చేస్తిని గద." ఆమె ముఖం చిన్నబోయింది. "నేను తుడిస్తే ఇంక పాకె. ఆ మరక పోయిందా బిడ్డా?"

"పోలేదవ్వా."

అప్పుడు చెప్పాను. ఆ రోజు ఆమె తెచ్చిందే సరైనదని, దాన్ని చూసి ఉంటే గుడ్లు వేలల్లో కనబడేవని, మరునాడే మందు తాగిస్తే ఒక్క గొర్రె కూడా పోయేది కాదేమోనని చెప్పాను. గడ్డి వల్ల పారుతున్నాయని నేను చెప్పిన మాట ఉత్త మాటేనన్నాను. కొడుకు వచ్చిన రోజు నాకన్నీ తెలిసి కూడా నోరు తెరవలేదన్నాను. ఏడవకూడదని అనుకుని వెళ్లాను, ఏడవలేదు.

నువ్వేం జేస్తవ్ తియ్ బిడ్డా అంటుందని నేను లోపల ఎక్కడో ఆశపడ్డాను. అట్లా అనే మనిషే ఆమె. ఆమె అట్లా అనలేదు. మెట్టు మీద కూర్చుని, అరచేతులు మోకాళ్ల మీద పెట్టుకుని లారీల వైపు చూసింది.

"గట్లనా," అంది. "నువ్వు తిట్టినందుకు నాకేం లేదు. మంది తిడ్తనే ఉంటరు. నువ్వు తెమ్మన్నవు, నేను తెచ్చిన. నీ మాట బైట పెట్టొద్దనే ఆనాడు సారు ముంగట ఊకున్న, నీ నౌకరికేమన్న అయితదని. కని నేను తెచ్చిన మొదటిదే సరైందని నాకు తెల్వదు గద. రెండేండ్ల సంది నాకు తెలివి పోయిందనే అనుకుంటున్న. ఊరంత గదే అంటున్నరు. నేను గూడ గదే చెప్పుకుంట తిరిగిన."

నేను ఆమె మంద గురించి బాధపడుతూ వచ్చాను. ఆమె తన బుద్ధి మీద నమ్మకమే పోగొట్టుకుందని నాకు తట్టలేదు. యాభై ఏళ్లు గొర్రెలు కాసిన మనిషి, రెండేళ్లుగా తన బుర్ర తనకు లేదని అనుకుంటూ థర్మాకోల్ ఊడుస్తోంది.

"ఈ మాట నా కొడుక్కు చెప్తవా?" అంది.

"చెప్తా."

"నేను చెప్తె నమ్మడు. నువ్వే చెప్పాలె. రెండున్నరకు కంపెనీ బస్సు గీడనే ఆగుతది. కూసో."

ఇంకా గంట ఉంది. కూర్చున్నాను. ఆమె లేచి మళ్లీ చీపురు అందుకుంది. మధ్యలో ఒకసారి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది, తాగాను. ఎదురుగా రింగురోడ్డు పక్కన గడ్డి నడుములోతు పెరిగి, మేసేవాళ్లు లేక ఎండిపోయి ఉంది. అతనితో ఏ మాట ముందు చెప్పాలో మనసులో పేర్చుకుంటూ ఉన్నాను. ఎట్లా పేర్చినా మొదటి మాట ఒకటే వస్తోంది: మీ అమ్మ మొదట సరైనదే తెచ్చింది.

బస్సు వచ్చి ఆగింది. యూనిఫారాలు ఒక్కొక్కటిగా దిగుతున్నాయి. ఆమె చీపురు పక్కన పెట్టి, కొంగు సవరించుకుని, నా వైపు చూసింది. నేను లేచి నిలబడ్డాను.